కింది హద్దు సున్నా

తాంపెరె,
1988 జూన్ చివర

మరదలు ఐలాకి,

బావ ఉత్తరం రాశాడంటే ఏదో పని పడిందనే అనుకుంటావు. పడింది. కానీ ముందు కాఫీ పెట్టుకుని, కూర్చుని చదువు. నిలబడి చదివితే సంతోషం పట్టలేక పడిపోతావేమోనని నా భయం.

నువ్వే గెలిచావు.

మూడేళ్ళ నుంచీ నా బుర్ర తింటున్నావే, ఆ పని చేసేశాను. రోగి నాడి వివరాలను వరుస అరల్లో పెట్టే స్ట్రక్చర్ ఇకమీదట రెండు చోట్ల ఉండదు. యంత్రాన్ని నడిపే నా కెర్నల్ ప్రోగ్రాం హెడర్ ఫైల్లోంచి తీసేశాను. గంట మోగించే నీ అలారం ప్రోగ్రాం పక్కన నువ్వు పెట్టుకున్న నకలూ తీసేశాను. రెండింటికీ మధ్య "ఉమ్మడి" అని ఒక ఫోల్డరు పెట్టి, అందులో ఒకే ఒక్క హెడర్ ఫైల్లో ఒక్కసారే రాశాను. కెర్నల్ దాన్నే చూసి అరలు నింపుతుంది. నీ ప్రోగ్రాం దాన్నే చూసి అరలు చదువుతుంది. ఎవరి కొలత వాళ్ళ దగ్గర ఉండే బెడద ఇక లేదు.

ఇంతకాలం ఎందుకు ఒప్పుకోలేదో నీకు తెలుసు. నా ఇంట్లో సామాను ఊరంతా వచ్చి వాడుకుంటూ ఉంటే, రేపు నేనొక కుర్చీ జరపాలన్నా ఊరందర్నీ అడగాలి. అందుకే "నీ నకలు నీ దగ్గర పెట్టుకో, నేను ఏదైనా మారిస్తే ఉత్తరం రాస్తాను, నువ్వూ మార్చుకో" అన్నాను. నువ్వేమో "రెండు చోట్ల రాసింది ఎప్పటికైనా తేడా పడుతుంది బావా" అని మీ అక్క సిల్విని పూడ్చిపెట్టి వచ్చి కాఫీ తాగుతూ కూడా వాదించావు. పాస్టరుగారు మనిద్దరి వంకా చూసిన చూపు ఇంకా గుర్తే. సిల్వి ఉంటే పడీ పడీ నవ్వేది.

సరే, పని సంగతి. ఈ ఉత్తరంతోపాటు కొత్త టేపు వస్తుంది. కెర్నల్, నీ ప్రోగ్రాం రెండూ కొత్త హెడర్‌తో తయారుచేసి అందులోనే పెట్టాను. ఉత్తరాదిన ఆసుపత్రుల్లో మంచాల పక్కన నాడి చూసే మన యంత్రాలన్నిటికీ ఇది ఎక్కించాలి. సెలవులు గడిచాక చూద్దాంలే అనకు. ముందు కల్తియోవారా వెళ్ళు, నీకు దారిలోనే కదా. ఎప్పటిలాగే పాత టేపుల మీదే కొత్తది ఎక్కించెయ్.

ఫోను మాత్రం చెయ్యకు. నా చెవులు మరీ పాడయ్యాయి, ఫోనులో సగం మాటే అందుతోంది. రాయి.

బావ,
ఎన్సియో

*

రొవానియెమి,
ఆగస్టు

బావా,

బుద్ధిగా కూర్చునే చదివాను. చదివాక లేచి వంటింట్లో రెండు చుట్లు తిరిగొచ్చాను. ఈ ఉత్తరం ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను. ఎన్సియో అనే మనిషి ఒక మరదలి మాట విన్నాడని రేపు ఎవరికి చెప్పినా నమ్మరు, రుజువు ఉండాలి.

ఒక్క సందేహం. నిన్ను ఒప్పించింది ఏమిటి? మూడేళ్ళు నేను నోరు నొప్పెట్టేలా చెప్పినది నీ తలకెక్కలేదు. ఉన్నట్టుండి ఒక్క వారంలో ఎలా ఎక్కింది? నీకు వయసు మీద పడుతోందని సరిపెట్టుకున్నాను.

నా దగ్గరున్న పాత నకలు ప్రింట్లన్నీ కట్టకట్టి ఏటిగట్టు మీద ఆవిరిస్నానాల సౌనాకి పట్టుకెళ్ళాను. పాత ప్రింట్లతో పొయ్యి రాజేయడం మనవాళ్ళందరూ చేసేదే, కానీ ఆ సాయంత్రం పట్టినంత హాయిగా ఏ వేడీ నా ఒంటికి పట్టలేదు. ఒక్కో కాగితం మండుతూంటే "ఇది నీ కుర్చీ, ఇది నీ బల్ల" అంటూ వేశాను. దోమలు తప్ప వినేవాళ్ళెవరూ లేరు.

కల్తియోవారా నాకు దారిలో ఉందని ఎవరు చెప్పారు నీకు? మ్యాపు తలకిందులుగా పట్టుకున్నావా? పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరాను. అయినా నువ్వు ముందు అక్కడికే వెళ్ళమన్నావు గనక వెళ్ళాను. పని చిటికెలో అయిపోయింది, కానీ ఆ ఆసుపత్రిలో గాలే మారిపోయింది. ఎప్పుడూ నేను వెళ్ళేసరికి యాలకుల బన్నులు, కాఫీ సిద్ధంగా ఉండేవి. ఇర్యా అని ఒక నర్సు ఉంటుంది, నా ఈడుదే, నా కప్పు ఖాళీ అవనిచ్చేది కాదు. ఈసారి నన్నెవరూ కూర్చోమని కూడా అనలేదు.

"ఇర్యా గారు లేరా?" అని అడిగాను.

"సెలవులో ఉంది" అంది అక్కడున్న పిల్ల, నా మొహం చూడకుండా.

"వంట్లో బాగాలేదా?"

"సెలవులో ఉందని చెప్పాను కదండీ."

నాకేం పోయింది, టేపు ఎక్కించి వచ్చేశాను. మిగతా ఊళ్ళన్నీ కూడా అయిపోయాయి. ఒక్క సువాన్తోలా ఆరోగ్య కేంద్రానికి మాత్రం వెళ్ళలేదు. అంత దూరం ఒక్క యంత్రం కోసం కారు తోలలేక, టేపు బస్సులో పార్సిలు వేశాను. అక్కడ ఉర్పో అని కాపలా చూసే ఆయన ఉన్నాడు, ఎలా ఎక్కించాలో కాగితం మీద రాసి పెట్టాను. నెమ్మదస్తుడు గానీ చేస్తాడు.

హిల్లా పళ్ళు ఈ ఏడు బాగా కాశాయి. జాము చేశాను. నువ్వు వస్తే పెడతాను, రాకపోతే నేనే తినేస్తాను.

గెలిచిన మరదలు,
ఐలా

*

తాంపెరె,
సెప్టెంబరు

ఐలాకి,

నీ ఉత్తరం అందింది. అన్ని చోట్లా పని పూర్తి చేసినందుకు చాలా సంతోషం. కంపెనీలో కూడా నీ పేరు చెప్పాను.

సువాన్తోలా నుంచి కబురు వచ్చిందా? ఉర్పో టేపు ఎక్కించాడో లేదో ఒకసారి కనుక్కో. ఒక్క యంత్రమైనా పాతది మిగిలిపోతే లెక్క తప్పినట్టుంటుంది. అంతే, వేరే ఏం లేదు.

నన్ను ఒప్పించింది ఏమిటని అడిగావు. ఏమీ లేదు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు మారతాడు.

జాము నువ్వే తినెయ్. ఈ ఆకురాలే కాలం నాకు ప్రయాణాలు కుదిరేట్టు లేవు.

ఎన్సియో

*

రొవానియెమి,
అక్టోబరు

బావా,

ఈ ఉత్తరం రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను. తిట్టకుండా రాద్దామనుకుంటున్నాను. నువ్వు కూడా తిట్టించుకోకుండా జవాబు రాయి.

నిన్న పేపర్లో ఇర్యా ఫొటో చూశాను. జూన్ చివర, మధ్య వేసవి పండగ ఆదివారం మధ్యాహ్నం కల్తియోవారా ఆసుపత్రిలో ఎమెలి అనే ముసలాయన గుండె ఆగి పోయాడట. అడవిలో కలప కొట్టి బతికిన మనిషి. పండగ కాబట్టి ఆ వార్డుకంతటికీ ఇర్యా ఒక్కతే. మధ్యాహ్నం కాఫీ పట్టుకుని వచ్చిన వంటామె చూసేసరికే ప్రాణం లేదు. గంట మోగి ఉంటుంది, ఇర్యా కుర్చీలో నిద్రపోయి ఉంటుందని కేసు. ముందురోజు నుంచీ ఇంటికి పోకుండా పనిచేసింది కాబట్టి నిద్రపోయిందనడం తేలిక కూడా. నేరం రుజువైతే నర్సు ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడవచ్చట.

నేనేమో "సెలవులో ఉంది" అన్న మాట పట్టుకుని బన్నుల గురించి నీకు జోకులు రాశాను.

అసలు సంగతి అది కాదు. పేపర్లో ఆమె మాటలు వేశారు. మక్కీకి మక్కీ రాస్తున్నాను: "గంట మోగలేదు. వసంతంలో కొత్త టేపు వేసినప్పటి నుంచీ తెర మీద కింది హద్దు సున్నా చూపిస్తోంది. కొత్త పద్ధతేమో అనుకున్నాం." విచారణ చేసినవాళ్ళు ఆగస్టులో యంత్రం పరీక్షించారట. సున్నా లేదు, గంట ప్రతిసారీ మోగింది. కాబట్టి ఆమె అబద్ధమాడుతోందని తేల్చారు.

ఆ వసంతం టేపు మేలో నువ్వు పంపితే నేనే ఎక్కించాను. ఎక్కించాక యంత్రం తీగలు నాకే తగిలించుకుని చూసుకున్నాను. గెంతాను, నాడి పైహద్దు దాటింది, గంట మోగింది. సరిపోయిందనుకున్నాను. కింది హద్దు చూడలేదు. బతికున్న మనిషి తన నాడి కిందికి దించుకుని చూడలేడు కదా.

నా పాత నకల్లో అరల వరుస నాకు కంఠస్థం. మొదట నాడి, తర్వాత పై హద్దు, మూడోది కింది హద్దు. ఇవాళ నువ్వు పంపిన ఉమ్మడి హెడర్ తెరిచి చూశాను. మూడో అరలో కింది హద్దు లేదు. "పై హద్దు దాటాక ఎంతసేపు ఆగి మోగాలి" అనేది ఉంది. కింది హద్దు నాలుగోది అయింది. ఆ ఆగే సమయం ఎవరూ నింపకపోతే సున్నా.

మూడో అరలో దాన్ని ఎప్పుడు పెట్టావు? ఉమ్మడి ఫైలు చేసినప్పుడే పెట్టావా? అంతకు ముందే, మేలో, కెర్నల్లో మాత్రమే పెట్టావా? మారిస్తే ఉత్తరం రాయాలని కదా మన ఒప్పందం. నాకు ఏ ఉత్తరమూ రాలేదు.

మేలో పెట్టి ఉంటే నా ప్రోగ్రాం మూడో అరలో సున్నా చూసి అదే కింది హద్దు అనుకుంది. నాడి ఎంత పడిపోయినా సున్నా కంటే కిందికి పోదు. ఆ గంట ఎప్పటికీ మోగదు.

అలా కాదని రాయి. నేను పొరబడ్డానని రాయి. నీకు దణ్ణం పెడతాను.

ఐలా

*

తాంపెరె,
నవంబరు

ఐలాకి,

నువ్వడిగినదానికి జవాబు నీకు తెలుసు. దాన్ని నా చేత రాయించకు.

కొన్ని సంగతులు మాత్రం రాస్తాను, నిదానంగా చదువు. నర్సులందరూ ఒకటే గోల పెట్టారు, రోగి దగ్గినా పక్కకి తిరిగినా గంట మోగుతోంది, చచ్చిపోతున్నాం అని. వాళ్ళ బాధ చూసే ఆ ఆగే సమయం పెట్టాను. పై హద్దుకి సంబంధించింది కాబట్టి పై హద్దు పక్కన పెట్టాను. చివర్లో పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదని నాకూ తెలుసు. పక్కన పెడితే చూడముచ్చటగా ఉంటుందనిపించింది. నీకు ఉత్తరం రాద్దామనే అనుకున్నాను.

ఆ ముసలాయన గుండె ఎలాగూ పాడైంది. గంట మోగినా బతికేవాడని ఏ డాక్టరూ చెప్పలేడు. ఆమె ముందురోజు నుంచీ ఇంటికి వెళ్ళలేదు. కునుకు తియ్యలేదని నువ్వు ప్రమాణం చెయ్యగలవా? నువ్వక్కడ లేవు, నేనూ లేను.

విచారణ అయిపోయింది. యంత్రం బాగుందని రాసిచ్చారు. ఇప్పుడు నువ్వెళ్ళి ఏదో అంటే ఈ కంపెనీ మూతపడుతుంది. ఇక్కడ నా చుట్టూ కూర్చున్న వాళ్ళందరికీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆ ఆసుపత్రులన్నీ మన యంత్రాలు పీకి బయట పారేస్తాయి, మళ్ళీ నర్సులు మంచం మంచానికీ తిరిగి చేత్తో నాడి పట్టుకుని చూసుకోవాలి. అలా ఎంతమంది పోతారో ఆలోచించు.

సిల్వి ఉంటే నీకేం చెప్పేదో నాకు తెలుసు. చచ్చినవాళ్ళని కదపకు అనేది.

మనం ఇప్పుడు యంత్రాన్ని సరిచేశాం. నువ్వు చెప్పినట్టే చేశాను కదా.

ఎన్సియో

*

రొవానియెమి,
డిసెంబరు

ఎన్సియో గారికి,

మా అక్క ఏమనేదో మీరు నాకు చెప్పక్కర్లేదు. మీ కంటే ముందు నుంచీ ఎరుగుదును.

మీ ఉత్తరం అందిన మర్నాడే ఇర్యా తరపు లాయరు దగ్గరికి వెళ్ళాను. హన్నెస్ అని, కుర్రవాడే గానీ శ్రద్ధగా విన్నాడు. స్ట్రక్చర్ అంటే ఏమిటో, హెడర్ ఫైలు అంటే ఏమిటో చెప్పడానికి అతని బల్ల సొరుగులు బయటికి లాగి చూపించాను. ఒకరు మూడో సొరుగులో తాళాలు పెడుతున్నారు, ఇంకొకరు ఆ మూడో సొరుగులోనే కత్తెర ఉందనుకుని చెయ్యి పెడుతున్నారు అన్నాను. అతనికి అర్థమైంది. అర్థం కావడం వల్ల మేలేమీ జరగలేదు.

"ఇప్పుడా సొరుగులు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు.

"సరిగ్గా ఉన్నాయి."

"ఎవరు సరిచేశారు?"

"రాసింది మా బావ. కల్తియోవారా వెళ్ళి ఎక్కించింది నేను."

"పాతది ఏమైంది?"

"దాని మీదే కొత్తది ఎక్కించాం. మేమెప్పుడూ అలాగే చేస్తాం."

"కాగితాల మీదైనా ఉందా?"

"సౌనాలో కాల్చేశాను."

అతను, "అమ్మా, మీరు ఎవరి తరఫున వచ్చారు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తల తీసేసినట్టయింది. మూడేళ్ళు నేను కోరుకున్న పని అది. ఆ పని చేసిన చేత్తోనే ఆమె చెప్పిన నిజానికి రుజువు లేకుండా చేశాను. నాకు తెలియకుండా నాచేత చేయించారు మీరు. దారిలోనే కదా అని రాశారు.

సువాన్తోలా ఒక్కటే మిగిలింది. అక్కడ టేపు ఎక్కించారన్న కబురు నాకు ఎప్పుడూ రాలేదు. వెంటనే ఉర్పోకి ఫోను చేసి "నేను పంపిన టేపు ఎక్కించారా లేదా?" అని అడిగాను. నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు, గట్టిగానే అడిగి ఉంటాను. "ఎప్పుడో వేసవిలోనే ఎక్కించేశానండీ" అన్నాడు. ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. హన్నెస్‌ని కారెక్కించుకుని బయల్దేరాను. దారి పొడుగునా మంచు. రెయిన్ డీర్లు రోడ్డుకి అడ్డంగా నిలబడి కదలవు. హన్నెస్ దిగి వాటిని తోలుతూ, నేను కారు పాకించుకుంటూ వెళ్ళాం. అయినా నాకు ఆశగానే ఉంది. అతను అబద్ధమాడి ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటూ వెళ్ళాను.

వెళ్ళేసరికి బల్ల మీద పార్సిలు కాగితం ఉంది. అప్పుడే చింపినట్టుంది. బస్సు చీటీ ఇంకా దాని మీదే ఉంది. యంత్రం తెర మీద కింది హద్దు చక్కగా నలభై చూపిస్తోంది.

"ఇది ఎప్పుడు ఎక్కించారు ఉర్పో గారూ?"

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మీకు అబద్ధం చెప్పానమ్మా. వేసవి నుంచీ బీరువాలోనే పడుంది. నడుం నొప్పి, చేపలవేట, ఏదో ఒకటి అడ్డమొచ్చింది. పొద్దున మీరు ఫోనులో గదిమారు కదా, వచ్చి చూస్తే పరువు పోతుందని ఇందాకే పాత టేపు మీద ఎక్కించేశాను. మీరు రాసిచ్చిన కాగితం ప్రకారమే చేశాను, ఏమీ తప్పు చెయ్యలేదు, చూసుకోండి."

చూసుకున్నాను. ఏమీ తప్పు చెయ్యలేదు.

నేను ఫోను చెయ్యకుండా వెళ్ళి ఉంటే అది పాతదిగానే ఉండేది. ఆయన మీద అరవాలనుకున్నాను గానీ మంచిపని చేశారని చెప్పి వచ్చేశాను. ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను.

ఇక మిగిలింది మీ మాట ఒక్కటే. మే నెలలో ఏం మార్చారో, ఎప్పుడు తెలిసిందో, తెలిశాక ఏం చేశారో రాసి సంతకం పెట్టి పంపండి. అది వస్తే యంత్రం విచారణ మళ్ళీ తెరిపించవచ్చని హన్నెస్ అంటున్నాడు. అది పంపేవరకూ నాకు వేరే ఉత్తరం రాయకండి. వేరే ఏం రాసినా చదవను.

ఐలా

*

తాంపెరె,
ఫిబ్రవరి

ఐలాకి,

కాగితం జతపరిచాను. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాను. ఏదీ దాచలేదు.

ఆలస్యమైంది. డిసెంబరు పండగ రోజుల్లో రాశాను, చింపాను. మళ్ళీ రాశాను. పై వాళ్ళకి చూపించాను. ఇంట్లో ఉండమన్నారు, ఇంట్లోనే ఉంటున్నాను. నా బల్ల దగ్గర ఇప్పుడు వేరే మనిషి కూర్చున్నాడట. ఉమ్మడి ఫోల్డరు చూసి ఇంత శుభ్రంగా ఎవరు పెట్టారని మెచ్చుకున్నాడని చెప్పారు.

నీ చివరి ఉత్తరంలో గారు అని రాశావు. నాకు తగినదే రాశావు.

ఆమెకి పనికొస్తే చాలు.

ఎన్సియో

*

రొవానియెమి,
మార్చి

బావా,

నీ మీద కోపం పోయి బావా అని రాయడం లేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు, అందుకని రాస్తున్నాను.

నీ కాగితం రాగానే హన్నెస్‌తో కలిసి ఇర్యా ఇంటికి వెళ్ళాను. ఊరి చివర చిన్న ఇల్లు. మొగుడు లేడు, కూతురు స్వీడన్లో ఉంటుంది. చింకిపాతలతో తివాచీలు నేసి అమ్ముకుంటోంది. తలుపు తీసి నన్ను గుర్తుపట్టి, "రండి రండి, ఎన్నాళ్ళయింది" అంటూ లోపలికి తీసుకెళ్ళింది. బన్నులు వేడిగా ఉన్నాయి. నా కప్పు ఖాళీ అవనివ్వలేదు. నేను ఏడవకుండా ఉండడానికి బన్ను తింటూ కూర్చున్నాను.

దారిలో హన్నెస్ చెప్పాడు, జనవరిలోనే ఆమె తనకు తానుగా వెళ్ళి నిద్రపోయానని ఒప్పుకుని సంతకం పెట్టిందట. అలా ఒప్పుకుంటే జైలు తప్పుతుందని ఎవరో నచ్చజెప్పారట. కొంచెం ఆగమని అతను బతిమాలినా వినలేదట. అయినా నీ కాగితం ఉంది కాబట్టి, ఆమె సరే అంటే అంతా తిరగదోడొచ్చని ధైర్యంగానే వచ్చాం.

హన్నెస్ నీ కాగితం ఆమె ముందు పెట్టి చదవమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని సగం చదివి పక్కకి జరిపింది.

"ఇవన్నీ ఇప్పుడెందుకు బాబూ" అంది.

"మీరు నిద్రపోలేదని ఇది రుజువు చేస్తుందండీ. గంట మోగలేదు."

"మోగింది" అంది ఇర్యా.

హన్నెస్ కాగితాన్ని మళ్ళీ ఆమె వైపు జరిపాడు.

"మొదట్లో నేనూ మోగలేదనే అనుకున్నాను" అంటూ మొదలుపెట్టింది. గొంతులో బాధ కూడా లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆయన కూతురు తెచ్చిన పూలకి నీళ్ళు మారుస్తూ కిటికీ దగ్గర నిలబడ్డానని అనుకునేదాన్ని. అదే చెప్పాను. పోలీసులు అడిగారు, పెద్ద డాక్టరు అడిగారు, ఇంకా ఎవరెవరో వచ్చి అడిగారు. గుర్తు తెచ్చుకో, కాసేపు కూర్చోలేదా, తల వాల్చలేదా అని. ఇంటికొచ్చి అదే ఆలోచించేదాన్ని. ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. తల వెనక్కి వాల్చాను. చిన్న కల కూడా వచ్చింది. కల్లో గంట మోగుతోంది, ఎవరైనా లేచి చూడరేం అనుకుంటున్నాను, నేను మాత్రం లేవడం లేదు."

"కింది హద్దు సున్నా ఉందని మీరే కదా పేపరుకి చెప్పారు" అన్నాను.

"అన్నానా? భయంలో ఏదో అని ఉంటాను. సున్నా ఎందుకుంటుంది?"

"ఉంది ఇర్యా గారూ. మా తప్పు వల్ల ఉంది. నాడి ఎంత పడిపోయినా సున్నా కంటే కిందికి పోదు. ఆ గంట మోగలేదు, మోగే వీలే లేదు. ఆ ప్రోగ్రాం రాసినదాన్ని నేను, నాకు తెలుసు."

ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. ఆసుపత్రిలో రోగుల చుట్టాలతో ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడింది. "మీరు మంచివారు ఐలా గారూ. నాకోసం ఇంత దూరం వచ్చారు. కానీ మీరక్కడ లేరు కదా. నేను విన్నాను."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను బావా. సిగ్గు విడిచి బతిమాలాను. నీ గురించి చెప్పాను, సువాన్తోలా గురించి, కాల్చేసిన కాగితాల గురించి చెప్పాను. ఓపిగ్గా అన్నీ వింది. ఒప్పుకున్నాక మనసు తేలికైందని, అప్పటి నుంచీ అన్నం సయిస్తోందని, మళ్ళీ అదంతా తవ్వొద్దని చెప్పింది. ఎమెలి కూతురికి క్షమించమని ఉత్తరం రాసిందట, ఆ అమ్మాయి జవాబు కూడా ఇచ్చిందట. ఆ జవాబు తీసుకొచ్చి చూపించబోతే నేను చూడలేనన్నాను. ఆమె వద్దంటే తను చెయ్యగలిగింది ఏమీ లేదని హన్నెస్ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. దాన్ని నీకే తిప్పి పంపుతున్నాను.

బయల్దేరేటప్పుడు బన్నులు పొట్లం కట్టి ఇచ్చింది. మెట్ల దాకా వచ్చి, చలికి శాలువా దగ్గరికి లాక్కుంటూ అడిగింది.

"యంత్రం ఇప్పుడు బాగానే మోగుతోందా?"

"మోగుతోంది" అన్నాను.

"చూశారా మరి" అంది.

ఐలా